తొలి గుడ్డు

కోడి గుడ్డు పెట్టడం లోకంలో అతి సామాన్యమైన విషయం. అయితే ఒక పెట్ట మొట్టమొదటి గుడ్డు పెట్టడం వెనుక ఎంత సన్నాహం ఉంటుందో, ఆ గుడ్డు కోసం ఎదురుచూసే ఇల్లాలి మనస్సు ఎంత ఆరాటపడుతుందో, అంగట్లో గుడ్లు కొనుక్కునే మనబోటి వారికి తెలిసే అవకాశం తక్కువ. నాకు ఆ సంగతి మా అక్కయ్య పెరటిలో తెలిసింది.

బావగారు కాలం చేసిన తరువాత అక్కయ్య కృష్ణా డెల్టాలోని మా ఊరిలో ఒంటరిగా ఉంటున్నది. నెలనెలా నేను పంపే డబ్బు కాదనకుండా తీసుకునేది గాని, అందులో ఆమెకు సంతోషం లేదని నేను ఎరుగుదును. 2023 జూలైలో 20 గ్రామప్రియ పిల్లలను తెచ్చుకున్నది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై రూపొందించిన రకమది. నాటుపెట్ట ఏడాదికి ఏ 50, 60 గుడ్లో పెడుతుంది. మంచి పోషణ ఉంటే గ్రామప్రియ 200 దాకా పెడుతుంది. కొక్కెర తెగులుకు టీకా వేయించి, తవుడు, నూకలు పెట్టి అక్కయ్య వాటిని సాకింది. రెండింటిని ముంగిస ఎత్తుకుపోగా 18 మిగిలాయి. వాటిలో పెట్టలు 10.

ఈ రకం పెట్టలు సుమారు ఐదున్నర నెలలకు గుడ్లకు వస్తాయి. ఆ లెక్కన డిసెంబరు చివరికి రావాలి. రాలేదు. దాణా ఖర్చు మాత్రం ఆగలేదు. సంక్రాంతికి ఊరు వెళ్ళిన నాకు ఆమె ముఖంలో ఆందోళన కనిపించింది. భోగినాడు కోళ్ళ బేరగాడొకడు వచ్చి, పుంజులతో పాటు పెట్టలకూ మంచి ధర ఇస్తానన్నాడు. "గుడ్డు పెట్టని పెట్టను మేపి ఏం లాభమమ్మా?" అన్నాడు.

నిజానికి ఆలస్యానికి కారణం పెట్టలలో లేదు, పొద్దులో ఉన్నది. పగటి వెలుతురు కోడి పుర్రె గుండా సైతం మెదడును చేరి, అండాశయాన్ని మేల్కొలిపే హార్మోన్లను విడుదల చేయిస్తుంది. పగలు పెరిగే కాలంలో ఎదిగిన పెట్ట త్వరగాను, తరిగే కాలంలో ఎదిగినది ఆలస్యంగాను గుడ్లకు వస్తుంది. మా ప్రాంతంలో జూన్‌లో 13 గంటలుండే పగలు డిసెంబరుకు 11 గంటలకు తగ్గుతుంది. పుష్యమాసంలో పూస గుచ్చను పొద్దుండదని పెద్దలు ఊరకే అనలేదు. పెద్ద ఫారాలలో విద్యుద్దీపాలతో 16 గంటల వెలుతురు కల్పిస్తారు. గూటిలో ఒక బల్బు పెడదామా అని అడిగితే, "పొద్దు తిరిగిందిగా తమ్ముడూ, నాలుగు రోజులు ఓర్చుకుందాం" అన్నది అక్కయ్య.

ఆమె ఓర్పు గుడ్డి నమ్మకం కాదు. ఒక పెట్టను చంకలో ఇరికించుకొని, తోక కింది రెండు ఎముకల నడుమ వేళ్ళు ఆనించి చూపించింది. "నెల కిందట ఒక్క వేలే పట్టేది. ఇప్పుడు రెండు పడుతున్నాయి" అన్నది. పాలిపోయి ఉండిన జుట్టు ఎర్రబారింది. చేయి చాపితే పారిపోయే పెట్ట ఇప్పుడు నేలకు ఒదిగి కూర్చుంటున్నది. ఆమె పుంజులను మాత్రమే అమ్మి బేరగాణ్ణి పంపివేసింది. వచ్చిన డబ్బులో కొంత దాణాకు తీసి, ఆల్చిప్పల పొడి కూడా తెప్పించింది.

ఆ పొడి అవసరం చిన్నది కాదు. ఒక గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. తొలి గుడ్డుకు దాదాపు రెండు వారాల ముందునుండే పెట్ట తన ఎముకల లోపల ప్రత్యేకంగా కాల్షియం నిల్వ చేసుకుంటుంది. గుడ్డు తయారయ్యే 25 గంటలలో సుమారు 20 గంటలు పెంకుకే పడుతుంది. రాత్రివేళ మేత లేనప్పుడు ఆ నిల్వే ఆదుకుంటుంది. కొత్త కర్మాగారాలను ప్రారంభించిన అనుభవమున్న మనకు ఇది కొత్త సంగతి కాదు. కాగితం మీద ఉత్పత్తి సున్నా అని కనిపించే నెలలలోనే అసలు పని జరుగుతుంటుంది.

జనవరి చివరి వారంలో ఒక ఉదయం అక్కయ్య ఫోను చేసింది. పెట్ట కొక్కరిస్తుంటే గడ్డి గంపలో చూసిందట. లేత గోధుమ రంగు గుడ్డు, పెంకు మీద సన్నని రక్తపు చార. కిరాణా కొట్టు త్రాసులో తూయిస్తే 38 గ్రాములున్నది. మరునాడు ఇంకొక పెట్ట పెంకు లేని తోలుగుడ్డు పెట్టింది. తొలిరోజులలో ఇవన్నీ సహజమే. కొద్ది వారాలలో పరిమాణమూ పెంకూ కుదుటపడతాయి. కొత్తగా చేరిన శిక్షణార్థి మొదటి నెల పనిని చూసి అతని యోగ్యతను నిర్ణయించరాదని మనం అనుకుంటాం గదా, పెట్ట విషయంలోనూ అంతే.

మార్చి నాటికి రోజుకు ఆరేడు గుడ్లు రాసాగాయి. ఇరుగుపొరుగు వారే ఇంటికి వచ్చి కొనుక్కుపోతున్నారు. ఏనాడు ఎన్ని వచ్చాయో గోడమీది క్యాలెండరులో ఆమె గుర్తు పెట్టుకుంటున్నది. ఏప్రిల్ మొదటి తారీఖున నేను డబ్బు పంపబోయే వేళకు అక్కయ్య నుండి ఫోను వచ్చింది.

"ఈ నెల వద్దు తమ్ముడూ. కావలసివస్తే నేనే అడుగుతాను."

ఆ గొంతులో అంతటి నిబ్బరం విని చాలా కాలమైంది.