కాక్టస్ అనుకుని తెచ్చాను



సెలవులకి ఊరెళ్తూ నర్సరీలో కాక్టస్ అని అమ్మిన కుండీ కొన్నాను. చూడగానే తాత, "ఇది జెముడురా, కుక్కకి అందనీకు" అన్నాడు. నేను నవ్వేసి అరుగు మీదే పెట్టాను. సాయంత్రానికి మా కుక్క రాజుగాడు కొమ్మ కొరికేశాడు. ఒకటే చొంగ, మూతి నేలకేసి రాస్తున్నాడు. తాత నన్ను తిట్టలేదు, వాడి నోరు నీళ్లతో కడుగుతూనే ఉన్నాడు. పశువుల డాక్టర్ దగ్గరికి మోసుకెళ్లాం. బతికాడు.

తర్వాత తాత కొమ్మని కత్తితో కోసి చూపించాడు. తెల్లటి పాలు! అసలు కాక్టస్‌లు చాలావరకు విషం కావు, వాటితో భయం ముళ్లదే. పాలు కారే జెముడు అలా కాదు. నోరు, కడుపు మండిస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

చదువుకున్నాం కదా అని పెద్దోళ్ల మాట తీసిపారేయకండి. నేను పారేశాను, బాధ రాజుగాడు పడ్డాడు.