గుంజుతయి గని ఆపవు

నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. స్కూటరు మీద మా వారి వెనక కూర్చున్నా కళ్ళు మూసుకునే రకాన్ని. అలాంటిదాన్ని 2025 శ్రావణంలో మా ఆడపడుచు మనవడికి, ఇరవయ్యేళ్ళ మొగపిల్లవాడికి, బండి నడిపే పాఠం చెప్పాను. నవ్వకండి. ఆ పాఠం నాకు ఊరికే రాలేదు.

వాడు మా ఊరి పోచమ్మ బోనాలకని హైదరాబాదు నుంచి కొత్త బండిలో సిద్దిపేట వచ్చాడు. ఎక్కాలంటే పీట వేసుకోవాలి, అంత ఎత్తు బండి. "అమ్మమ్మా, దీనికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. రాజీవ్ రహదారి పొడుగునా వానే. ఫోర్ వీల్ ఏసుకునే వచ్చిన" అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ.

"తారు రోడ్డు మీద ఏసినవా?" అన్నాను, చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి.

"ఇగ మీ అమ్మమ్మ మొదలుపెట్టింది. నువ్వు చాయ్ తాగినట్టే" అన్నారు మా వారు పేపరు చాటునుంచి.

1984లో సంగతి. అప్పటికి సిద్దిపేట మెదక్ జిల్లాలోనే ఉండేది. జిల్లా అయింది 2016లో కదా. మా వారికి ఓ ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, ఆ ఆఫీసుకో జీపు. మన దేశంలో మహీంద్రావాళ్ళు 1947 నుంచి విల్లీస్ జీపులు బిగిస్తూ వచ్చారే, ఆ వంశంలోదే. గేరు కర్ర పక్కన దానికి ఇంకో రెండు చిన్న కర్రలుండేవి. వాటి పని ఏమిటో నేను ఎన్నడూ అడగలేదు. మా వారు నన్ను ఆ జీపు ఎక్కనిస్తే కదా! ఆఫీసు వస్తువు ఇంటి గడప తొక్కరాదని ఆయన నియమం. ఆఫీసు పెన్సిలు పిల్లల చేతికిస్తే కూడా ఊరుకునేవారు కాదు.

ఆగస్టులో ఓ రాత్రి, ఎనిమిది దాటింది, వాన ఎడతెరిపి లేకుండా కొడుతోంది. దుబ్బాక అవతల మా అత్తగారి ఊరి నుంచి ఒకతను తడిసి ముద్దయి సైకిలు మీద వచ్చాడు. పురిటికి పుట్టింటికి వచ్చిన మా ఆడపడుచుకి పొద్దటి నుంచి నొప్పులట. తొలికాన్పు. "మంత్రసాని చేతులెత్తేసేటట్టున్నది, దవాఖానకు తోలుకపోవాలె" అన్నాడు. ఆ వానలో ఏ బండి దొరుకుతుంది? మా వారు ఆకాశం వంక చూశారు, వాకిట్లో జీపు వంక చూశారు, చివరికి నా వంక చూశారు. నేనేమీ అనలేదు. పాత చీరలు రెండు, టార్చిలైటు సంచిలో వేసుకుని కొంగు బిగించి గడప దిగాను.

డ్రైవరన్న మాటలు తక్కువ మనిషి. తారు రోడ్డు మీద జీపు కొంచెం జారినట్టనిపించి, "అన్నా, ఆ ఫోర్ వీల్ ఏదో ఇప్పుడే వెయ్యరాదూ" అన్నాను ప్రాణం ఉగ్గబట్టుకుని.

"తారు మీద ఏసుడు కాదమ్మా. బతుకమ్మ ఆడినవు గదా? బయటి వరుసలున్నోళ్ళు ఎక్కువ నడుస్తరా, లోపటి వరుసోళ్ళా?"

"బయటివాళ్ళే."

"మరి ఇద్దరి కాళ్ళు ఒక్కతాడుతోని కట్టేస్తే?"

ఇంతే చెప్పాడు. అర్థం కావడానికి నాకు అర మైలు పట్టింది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. ఆ చిన్న కర్ర వేస్తే ముందువీ వెనకవీ ఒక్క లెక్కన తిరిగేలా ముడి పడతాయి. బురదలో అయితే ఏదో చక్రం కాస్త జారి లెక్క సరిచేసుకుంటుంది. తారు తడిసినా తారే, అంత సులువుగా జారనివ్వదు. ఆ పెనుగులాటంతా లోపలి ఇరుసుల మీదా పళ్ళచక్రాల మీదా పడుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, టైర్లు అరుగుతాయి, మొండికేస్తే ఏదో ఒకటి విరుగుతుంది. (ఈ కాలం కార్లు కొన్నింటిలో ముందు వెనకల మధ్య ఆ తేడాను సర్దే ఏర్పాటు ఉంటుందట, అవి తారు మీదా నాలుగు చక్రాలతో పోతాయి. మనవాడిది ఆ రకం కాదు. బండితో ఇచ్చిన పుస్తకం తెరిపించి మరీ చూపించాను.)

తారు అయిపోయాక మొదట చెల్క నేల. వాన పడుతున్నా ఇసుక కలిసిన నేల కాబట్టి నీళ్ళు గుంజుకుని గట్టిగానే ఉంది. తర్వాత రేగడి. రేగడి తడిస్తే ఎలా ఉంటుందో మినప్పిండి రుబ్బిన చేతులకు నేను చెప్పాలా? టైరు గాళ్ళలోకి ఎక్కి కూర్చుందంటే టైరు నున్నటి రోకలి అయిపోతుంది. డ్రైవరన్న రేగడి మొదలయ్యేచోటికి పది గజాల ఇవతలే జీపు ఆపాడు. ఒక కర్ర వేశాడు, అది ముందు చక్రాలకి. రెండోది బలం పెంచి వేగం తగ్గించే కర్ర, దాన్ని ముట్టలేదు. "దిగబడ్డంక ఏస్తే గుంత ఇంకింత లోతైతది. దిగకముందే ఎయ్యాలె" అన్నాడు. రెండో గేరులో, ఒకే వేగంతో, రయ్యిమనిపించకుండా తీసుకుపోయాడు. చక్రం ఊరికే తిరిగిందంటే తన గొయ్యి తనే తవ్వుకుంటుందట.

ఊరు చేరేసరికి పదకొండు. ఆడపడుచు మొహం నేను గుర్తుపట్టలేకపోయాను. వెనక సీట్లో పరుపు పరిచి పడుకోబెట్టాం. మంత్రసాని ఓ పక్క, నేనో పక్క. తిరుగు ప్రయాణంలో తొందర మా వారిది. "ఫోర్ వీల్ ఉంది కదా, పోనియ్యి" అంటూనే ఉన్నారు. డ్రైవరన్న ఎన్నడూ లేనిది ఆయన మాట విన్నాడు. వాగు కంటే ముందు ఓ దిగుడు ఉంది. అక్కడ బ్రేకు నొక్కితే జీపు నాలుగు చక్రాలతోనూ పళ్ళెంలో వెన్నముద్దలా జారి, పక్కకు తిరిగి, తుమ్మచెట్టుకు జానెడు దూరంలో నిలిచింది. ఎవరికీ నోట మాట లేదు.

"నాలుగు చక్రాలు గుంజుతయి గని ఆపవు సారూ. ఆపేది బ్రేకు. నేల జారితె బ్రేకు మాత్రం ఏం జేస్తది?" అన్నాడు. తప్పు తనదేనన్నట్టు గొంతు తగ్గించి అన్నాడు. అప్పుడు వేశాడు రెండో కర్ర. మొదటి గేరులో, బ్రేకు మీద కాలు పెట్టకుండా, ఇంజనే పట్టి ఆపుతుంటే గంగిరెద్దులా అడుగులో అడుగేస్తూ దిగింది జీపు.

కింద వాగు. కూడవెల్లి వాగులో కలిసే చిన్న వాగే అది. వచ్చేటప్పుడు కాజ్‌వే మీద పాదాలు తడిసేటన్ని నీళ్ళు. ఇప్పుడు పక్కనున్న హద్దు రాళ్ళు కనిపించడం లేదు. డ్రైవరన్న ఇంజను ఆపేశాడు.

మా వారు అరిచారు. ఆయన అరవగా నేను చూసింది అదొక్కసారే. చెల్లెలు వెనక మూలుగుతోంది, అవతలి ఒడ్డు దాటితే దవాఖాన. "ఇంత జీపు ఉండి ఏం లాభం!" అన్నారు.

"నేల ఉంటేనే జీపు సారూ. నీళ్ళు లేపినంక నాలుగు చక్రాలున్నా ఒకటే, లేకున్నా ఒకటే. మీరు ఉద్యోగం తీసేసినా నేను దించ."

చెప్పనా? ఆ నిమిషాన నాకూ అతని మీదే కోపం వచ్చింది. అడుగు లోతు పారే నీళ్ళకే చిన్న కారు తేలిపోతుందనీ, రెండడుగులైతే పెద్ద బండ్లనూ ఈడ్చుకుపోతుందనీ తర్వాత ఎన్ని చోట్ల చదివానో. ఆ రాత్రి నాకు తెలిసింది ఒక్కటే: పిల్ల చేయి నా చేతిలో చల్లబడుతోంది.

డ్రైవరన్న జీపుకి రెక్సిన్ పరదాలు దించి కట్టి, మా వారిని తీసుకుని గొడుగుతో దూరంగా పోయి నిలబడ్డాడు. టార్చిలైటు నేను పట్టుకున్నాను. మూడున్నరకి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టి వీపు మీద చరిస్తే అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని వానలో మొగవాళ్ళిద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో నాకు తెలియదు. తల్లికి నెత్తురు బాగా పోయింది. తెల్లవారుజామున నీరు తీశాక డ్రైవరన్న ముందు తను కర్రతో నడిచి కాజ్‌వే అంతా తడిమి చూసి, అప్పుడు జీపు దించాడు. ఆమె దవాఖానలో పన్నెండు రోజులుంది.

ఆ పిల్ల కొడుకే ఇప్పుడు నా ముందు చాయ్ తాగుతున్నవాడు.

మర్నాడు బోనాలకి అందరం వాడి బండిలోనే బయలుదేరాం. రాత్రంతా వాన. వాగు దగ్గరికి వచ్చేసరికి కాజ్‌వే మీద ఎర్రనీళ్ళు పారుతున్నాయి. ఓ మోటారుసైకిలతను కాళ్ళెత్తి దాటిపోయాడు కూడా. వాడు బండి ఆపి నీళ్ళను చూశాడు, నన్ను చూశాడు. 2024 సెప్టెంబరులో ఖమ్మం, మహబూబాబాద్ వరదలు టీవీలో చూసినవాడే. పోచమ్మ తల్లికి అక్కణ్ణుంచే దండం పెట్టి, ఏమీ అనకుండా రివర్సు గేరు వేశాడు. నిజం చెప్పొద్దూ, నేను తెల్లవారుజామున లేచి వండిన బోనం అన్నం మడిలో అలాగే ఉండిపోయిందే అని నాకు కొంచెం బాధగానే ఉండింది.

తిరిగి తారు రోడ్డు ఎక్కగానే టక్కున ఫోర్ వీల్ తీసేశాడు. ముందు సీట్లో మా వారు అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేరు. "లాగ్ బుక్కుల రాసుకో" అన్నారు.

"అదేంది తాతా?"

నేను చెప్పాను. 1984లో ఆ మర్నాడు ఆఫీసుకి పోయి ఆయన జీపు లాగ్ బుక్కులో కిలోమీటర్లు లెక్కగట్టి, డీజిలు డబ్బులు సొంతంగా కట్టి రసీదు తీసుకున్నారు. ప్రయాణ కారణం అనే గడిలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో "సొంత పని" అని రాసి, పక్కనే ఇంకో మాట చేర్చారు, "మేనకోడలు".