బండిమీది రెండు కడ్డీలు

మా యింటి పెద్ద బండి వీథిలో నిలిచినప్పుడెల్ల దానిమీది రెండు కడ్డీలను చూచి దారినబోవువారు ఆగుచుందురు. ఒకటి పైకప్పు నడుమ మూరెడు పొడవున నిలిచియుండును. రెండవది వెనుక తలుపు ప్రక్క ఆరడుగుల యెత్తున ఊగుచుండును. "పోలీసువారి బండియా?" యని కొందరును, "టీవీ పెట్టించినారా?" యని కొందరును అడుగుదురు. పొరుగింటి యిల్లాలొకతె "ఇవి దిష్టి తగులకుండుటకా, వదినగారూ?" యని పరిహాసమాడినది. ఇవి మాటలను పంపుటకును, వచ్చిన మాటలను వినుటకును అమర్చిన రేడియో ఏంటెన్నాలు. వీనిని పెట్టించుటలో ఈ యింటి కోడండ్రమిద్దరము చూచిన సంగతులను, నేర్చిన సంగతులను మన సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రేడియో యనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది వంటయింటి గూటిలో పాడుచుండు పెట్టె. విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. నాటినుండి మన యిండ్లలో దాని మాట వినని స్త్రీ యుండదు. అయితే ఆ పెట్టె మనకు చెప్పును గాని మన మాట వినదు. తుపాను వచ్చుచున్నదని అది చెప్పగలదు. మన గుమ్మములోనికి నీరు వచ్చినదని మనము దానికి చెప్పలేము. మేము చెప్పబోవునది రెండువైపుల మాటాడు రేడియోను గూర్చి.

దీని యవసరము కృష్ణాతీరపు వారికి వివరింప నక్కరలేదు. మా అత్తగారి పుట్టినిల్లు దివిసీమ. పులిగడ్డ వద్ద కృష్ణ చీలి రెండు పాయలై సముద్రమును చేరుచుండగా, నడుమ నిలిచిన పల్లపు నేల యది. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిరని చరిత్రలో చదువుదుము. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెన మాత్రము మాకు చరిత్ర కాదు. అత్తగారి నోట విన్న యింటికథ. తక్కువలో తక్కువ లెక్కయే పదివేల ప్రాణములు. నాడామె పదునైదేండ్ల పిల్ల. చెట్టునెక్కి బ్రదికిన మేనమామ కాలినడకన వచ్చి చెప్పువరకు, తమవారిలో నెవరున్నారో యెవరు లేరో తెలియలేదట. "చచ్చినవారిని గూర్చి యేడ్చుట కంటె, ఎవరి కొరకు ఏడువవలెనో తెలియక కూర్చుండుట కష్టమమ్మా" యని ఆమె ఇప్పటికిని అనుచుందురు.

ఆ మాటకు అర్థము మాకు 2024 సెప్టెంబరులో తెలిసినది. బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగరును ముంచిన దినములవి. ప్రకాశం బ్యారేజి దాటి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయినదని లెక్కగట్టిరి. మా ఆడబిడ్డ యిద్దరు పసివాండ్రతో ఆ పేటలోని మేడమీద చిక్కుకొన్నది. నీటిలో ప్రమాదమని కరెంటు నిలిపివేసిరి. తొలిదినము ఫోనులో మాటాడినది. రాత్రికి ఫోను చల్లారినది. తరువాత ఒకటిన్నర దినము ఆమె గొంతు మాకు వినబడలేదు. మేమున్న వీథికి ఆ మేడకు గట్టిగా ఆరు కిలోమీటర్లు లేదు. ఆమెయు పిల్లలును పడవలో క్షేమముగా వచ్చిరి. ఆ ఒకటిన్నర దినము అత్తగారు మంచినీరైనను సరిగా త్రాగలేదు.

చేతిఫోను చూచుటకు స్వతంత్రమైన వస్తువువలె నుండును గాని దానికి పరాధీనత మెండు. దగ్గర టవరు నిలిచియుండవలెను. ఆ టవరునకు కరెంటు ఉండవలెను. అచ్చటినుండి పోవు తీగలు తెగకుండవలెను. రేడియో సెట్టు నుండి మరియొక సెట్టునకు మాట పోవుటకు నడుమ నెవ్వరును అక్కరలేదు. ఇచ్చటొక బ్యాటరీ, అచ్చటొక బ్యాటరీ, రెండు కడ్డీలు — అంతే.

ఇట్లు సొంతముగా రేడియో నడుపు వారిని హామ్‌లందురు. ప్రభుత్వపు పరీక్ష నెగ్గి అనుమతిపత్రము పొందనిదే మాటాడుట నేరము. పండ్రెండేండ్లు నిండిన యెవరైనను పరీక్షకు కూర్చుండవచ్చును. విద్యుత్తు, రేడియోలను గూర్చి కొన్ని ప్రశ్నలును, నియమములను గూర్చి కొన్ని ప్రశ్నలును ఉండును. వ్యాపారపు మాటలు పనికిరావు; కనుక ధాన్యపు ధరలు, చేపల చెరువు లెక్కలు దీనిలో చెప్పుకొనరాదు. రహస్యభాషయు కూడదు. హైదరాబాదులో ఈ విద్యకై జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో నెలకొన్నది. ఆ సంస్థకు చెందిన భారతీప్రసాద్ గారను స్త్రీ 2004 డిసెంబరులో అండమానునకు పోయి, నాడు పోర్టుబ్లెయిరని పిలువబడుచుండిన పట్టణమున రేడియో నడుపుచుండిరి. వినోదముగా దూరదేశముల వారితో మాటాడుటకు పోయినారామె. 26వ తేదీన సునామీ వచ్చి ఫోనులు మూగవోయినవి. ఆమె సెట్టు విడువక, ద్వీపములలోని వారి క్షేమవార్తలను ప్రధానభూమిపై నున్న వారి బంధువులకు అందించిరి. ఈ సంగతి తెలిసినప్పటినుండి అత్తగారు మా పక్షమైరి.

ఎదురుపక్షము మా మరది. బండి కొన్నవాడు, నడుపువాడు అతడే. "పరీక్ష నేను వ్రాసెదను వదినా, మీ కెందు కీ శ్రమ?" యనెను. "బండిలో నీవు మాటాడెదవు సరే, ఇంటిలో నుండి నీకు బదులు చెప్పువారెవరు?" అని మా తోడికోడలు అడిగినది. అతని యొద్ద దానికి సమాధానము లేదు. ఉప్పెన వచ్చినను, వరద వచ్చినను, బండి బయటికి పోవును. ఇంటిలో నుండువారము మేము. మాట వినవలసిన చోట అనుమతి లేని మనిషి యున్నచో, సగము రేడియో కొన్నట్లే. కడకు ముగ్గురమును చదివి, హైదరాబాదు పోయి పరీక్ష వ్రాసితిమి. ముందుగా పత్రము చేతికి వచ్చినది తోడికోడలికే. ఈ ముక్క యిచ్చట వ్రాయుటకు మరది సమ్మతింపలేదు.

ఇక బండికి అమర్చుట. ఇనుపపని యేదైనను కానిచ్చుటకు మనకు ఆటోనగరు ఉన్నది గదా. మొదట పోయిన కొట్టులోని పనివాడు సిగరెట్టు వెలిగించు సాకెట్టునుండి కరెంటు తీసి పది నిమిషములలో ముగింతుననెను. పుస్తకము చదివి పోయినందున మేము వలదంటిమి. మాటాడునప్పుడు ఏబది వాట్ల సెట్టు పది పండ్రెండు ఆంపియర్ల కరెంటును లాగును. ఆ సాకెట్టు తీగ సన్నము. వేడెక్కును, గొంతులో గరగర కూడ వచ్చును. బ్యాటరీ నుండియే లావుపాటి తీగల జంటను తిన్నగా లోనికి తేవలెను. బ్యాటరీకి జానెడు దూరములోనే ఫ్యూజు పెట్టవలెను. ఎచ్చటనో లోపల పెట్టినచో దానికి ముందున్న తీగ ఒరసికొని నిప్పంటుకొన్నప్పుడు అది కాపాడదు. బానెట్టు క్రిందినుండి బండిలోనికి తీగ దూరు చిల్లునకు రబ్బరు కట్టు వేయించితిమి. లేకున్న రేకు అంచు కత్తిపీట వలె తీగను కోయును.

పైకప్పు మీది కడ్డీని గూర్చి ఇంటిలో పెద్ద చర్చయే జరిగినది. అయస్కాంతపు పీటపై నిలుపు కడ్డీలున్నవి, రంధ్రము చేయనక్కరలేదు. కాని సముద్రపు గాలికి ఆ పీట క్రింద తుప్పు చేరును, కొమ్మ తగిలిన ఎగిరిపోవును, తలుపు సందున నలిగి దాని తీగ పాడగును. రంధ్రము చేసి బిగించినదే మేలు. "కొత్త యింటి కప్పుకు ఎవరైన చిల్లు పొడుతురా?" యని అత్తగారు. మావారు మూడు దినములు ఏ పక్షమును చేరక పత్రిక చదువుకొనిరి. తుదకు ముప్పాతిక అంగుళపు రంధ్రమొకటి సరిగా కప్పు నడుమ చేయించి, రబ్బరు వాషరుతో నీరు దిగకుండ బిగించితిమి. నడుమనే ఏల యనగా, కడ్డీ సగమే. దాని క్రింది రేకు మిగిలిన సగము. చుట్టును రేకు సమముగా నున్న మాట నలుదిక్కులకు సమముగా పోవును. మూలలో పెట్టిన ఒకవైపునకే మొగ్గును. అద్దపు కప్పు గల బండ్లకు ఈ యుపాయము చెల్లదు.

కడ్డీ పొడవునకు కూడ లెక్క యున్నది. మేము మాటాడు తరంగము పొడవు రెండు మీటర్లు. దానిలో నాల్గవవంతునకు కొంచెము తక్కువ, సుమారు 49 సెంటీమీటర్లు. మల్లెపూలవాని మూరకు రెండు వ్రేళ్ళు ఎక్కువ. మన పూలవాని మూర ఎప్పుడును రెండు వ్రేళ్ళు తక్కువే గనుక ఈ పోలిక జాగ్రత్తగా చూచుకొనుడు. తీగను కప్పు లోపలి గుడ్డ వెంట త్రిప్పునప్పుడు, ప్రక్క స్తంభములలో మడిచియుండు గాలిసంచుల మీదుగా పోకుండ చూడవలెను. ప్రమాదములో ఆ సంచి విచ్చుకొను దారికి తీగ అడ్డమైన ప్రాణాపాయము. పని ముగిసిన పిదప ఎస్.డబ్ల్యు.ఆర్. అను కొలతసాధనము పెట్టి చూచితిమి. గరాటు సరిపడనప్పుడు పోసిన నూనె కొంత పైకి ఎగదన్నునట్లు, కడ్డీ సరిపడనప్పుడు పంపిన శక్తి కొంత వెనుకకు వచ్చి సెట్టును బాధించును. కొలత ఒకటికి దగ్గరగా నున్నకొలది మంచిది, మాకు 1.3 వచ్చినది. కడ్డీ తగిలింపక మీట నొక్కినచో సెట్టు కాలిపోవచ్చును. మాటాడునప్పుడు పిల్లలెవరును కడ్డీని ముట్టకుండ చూడుడు, చురుక్కుమని కాలును.

ఇంతవరకు బాగుగనే యున్నది గాని, ఈ కురుచ కడ్డీతో దివిసీమ అందదు. ఈ తరంగము చూపు పోవునంత దూరమే పోవును. డెల్టా నేల అరచేయి వలె చదును. కొండ అడ్డము లేదు, ఎక్కుటకు కొండయు లేదు. బండి నుండి బండికి పది పండ్రెండు కిలోమీటర్లు. మేడమీద ఎత్తుగా ఏంటెన్నా యున్న యింటికి ఇరువది. సింగ్‌నగరు వరదకు ఇది చాలును. నాగాయలంక దగ్గరి మా పొలము డెబ్బది కిలోమీటర్లకు పైన. అందుకే రెండవ సెట్టు, వెనుక నూగు పొడుగు కడ్డీ. దాని తరంగము నలువది మీటర్లు. నాల్గవవంతు కడ్డీ చేసిన పది మీటర్లు పైకి లేచును. బండిపై ఎట్లు నిలుచును? కావున నడుమ తీగచుట్ట వేసి కురుచ చేసినారు. ఆ చుట్టలోనే శక్తి కొంత వృథా యగును. దీనికొరకు తలుపును, బానెట్టును, పొగగొట్టమును రాగి అల్లిక పట్టీలతో బండి దేహమునకు కలిపించినపిమ్మట గాని ఇంజను గరగర తగ్గలేదు.

పొలము చేరిన తరువాత ఆ కడ్డీని వాడనే వాడము. మా తోడికోడలు కనిపెట్టిన సుఖమైన మార్గమిది: నడుమ తెగిన ఇరువది మీటర్ల తీగను రెండు కొబ్బరిచెట్లకు నడుమ, బట్టలారవేయు తీగవలె, రెండు నిలువుల యెత్తున కట్టుట. అంత క్రిందుగా కట్టిన తీగ నుండి మాట నేరుగా ఆకాశమునకు లేచి, అచ్చటి విద్యుత్కణముల పొరను తాకి, చుట్టుప్రక్కల జిల్లాలన్నింటిపై చినుకువలె దిగును. పగటివేళనే ఈ సౌఖ్యము. చీకటిపడిన కొలది ఆ మాట దూరదేశములకు పోవును గాని బెజవాడకు రాదు. అందుచేత ఆదివారము ఉదయము పదిగంటలకు మా కాలము.

ఫోనులో వలె ఇందులో ఇద్దరు ఒక్కసారి మాటాడుటకు వీలులేదు. ఒకరు ముగించి "ఓవర్" అన్న తరువాతనే రెండవవారు మీట నొక్కవలెను. నలుగురు ఒక్కసారి మాటాడు మా యింట ఇదొక వింత. అత్తగారు మాటాడరు, పత్రము లేదు గనుక. ప్రక్కన పీట వేసికొని, పుట్టినూరి నుండి వచ్చు గొంతును వినుచు చిక్కుడుకాయలు వలుచుచుందురు. గాలి గరగరలో మాకు అందని మాట ఆమెకు అందును.

ఇంటి సెట్టునకు పెద్ద బ్యాటరీ యొకటి పెట్టించితిమి. కరెంటు లేకున్నను ఒక దినము నడుచును. ఎలక్ట్రీషియను దానిని క్రిందిగదిలో నేలమీదనే అమర్చి పోయినాడు. మోకాలిలోతు నీరు వచ్చిన మొదట మునుగునది అదే. దానిని మేడమీదికి చేర్పించుటకు తీగ కొలిచి తెచ్చితిమి; ఈ వానలు పట్టకముందే మరది చేత ఎక్కింపవలెను.