చివరి దీపం ఎందుకు మసకబారింది?

ఈనాటి యువకులు కంప్యూటరును సిద్ధంగా కొనడం కంటే, భాగాలను విడివిడిగా తెప్పించి తామే కూర్చుకోవడానికి ఇష్టపడుతున్నారు. పెట్టెకు ఒక పక్క అద్దం, లోపల రంగురంగుల ఎల్‌ఈడీ దీపాల పట్టీ. పెద్దల కంటికి అది ఆర్భాటంగా కనిపిస్తుంది. ఆ దీపాలు కాస్త మసకబారితే చాలు, ‘యంత్రమే పాడయింది’ అనే మాట ఇంట్లో పుడుతుంది. ఆ మాట ఎంత దూరం పోగలదో మేము కళ్ళారా చూశాము.

కడపలో మా చెల్లెలి కుమారుడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి సంపాదించుకుంటున్నాడు. తల్లి చీటీ ఎత్తి ఇచ్చిన సొమ్ముతో కూర్చుకున్న యంత్రమది. దీపాలు మసకబారగానే ఒక మెకానిక్కు పవర్ సప్లై మార్చాలని వేలల్లో లెక్క చెప్పాడు. తండ్రి కుట్టుపని చేసేవాడు. “ఈ దీపాల పిచ్చికి ఇంకొక్క రూపాయి ఇవ్వను, అమ్మేసి దుకాణంలో కూర్చో” అన్నాడట. “మామూ, మీరైనా ఒకసారి చూడండి” అని అబ్బాయి మాకు కబురు చేశాడు. కర్నూలులో మా మదరసా మైకు, ఇన్వర్టరు తీగల పనులు మేమే చూసుకుంటాము కనుక మల్టీమీటరు మా సంచిలో ఉంటుంది. దానితోనే వెళ్ళాము.

ఫిఖ్‌హ్ చదివినవారికి ఒక సూత్రం తెలుసు: నిశ్చయంగా తెలిసిన దానిని కేవల సందేహం తొలగించజాలదు. యంత్రం రోజంతా ఆగకుండా పనిచేస్తున్నది, ఫ్యాన్లు సమంగా తిరుగుతున్నాయి. ఇది నిశ్చయం. పవర్ సప్లై పోయిందన్నది సందేహం మాత్రమే. కొలిచి చూస్తే అక్కడ 5 వోల్టులు సక్రమంగానే వస్తున్నాయి.

“బేటా, ఎప్పటి నుండి ఇలా ఉన్నది?” అని అడిగాము. మొదటి పట్టీ చివర రెండవ పట్టీని తగిలించిన నాటి నుండి, అన్నాడు. అన్ని దీపాలూ కాదు, చివరివే మసకగా ఉన్నాయి. తెలుపు రంగు పెడితే చివర ఎర్రబారుతున్నది. ఎరుపు ఒక్కటే పెడితే చివరిదాకా సమంగా వెలుగుతున్నది. దీనితో జాడ దొరికింది.

ఈ రకం దీపం ఒక్కొక్కటి పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. పట్టీకి 30 చొప్పున రెండు పట్టీలకు 60 దీపాలు, అంటే 3.6 ఆంపియర్లు. మదర్‌బోర్డుపై వీటికిచ్చే సాకెట్టు సాధారణంగా 3 ఆంపియర్లకు మించి మోయదు. పైగా పట్టీలోని రాగి రేకు పలుచన. విద్యుత్తు చివరికి చేరేసరికి వోల్టేజి పడిపోతుంది. మేము కొలిచినప్పుడు అక్కడ 4 వోల్టులైనా లేదు. నీలం, ఆకుపచ్చ వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి. ఎరుపుకు 2 చాలు. అందుకే ముందు ఆ రెండు రంగులు సొమ్మసిల్లి ఎరుపు మిగులుతుంది.

అబ్బాయి తండ్రికి ఈ లెక్కలు చెప్పలేదు, కె.సి. కాలువను గుర్తు చేశాము. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటితో మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే కాలువ అది. ఎగువవారు తమ వాటా తీసుకుంటూ పోతే చివరి ఆయకట్టు ఎండుతుంది. అంతమాత్రాన నదిలో నీరు లేదని గానీ, చివరి రైతుకు సేద్యం రాదని గానీ అంటామా? ఆయన తల ఊపాడు.

పరిష్కారం స్వల్పమే. పవర్ సప్లై నుండి నేరుగా విద్యుత్తు అందుకునే చిన్న హబ్ ఒకటి తెప్పించి, రెండు పట్టీలనూ వేర్వేరుగా దానికి కలిపించాము. వెలుగును సగానికి తగ్గించమన్నాము. అయిన ఖర్చు కొన్ని వందలు మాత్రమే.

ఇటువంటి ఇబ్బంది ఉన్న పాఠకులు కొన్ని విషయాలు గమనించాలి. దీపాలన్నీ ఒకే తీరున మసకబారితే ముందుగా సాఫ్ట్‌వేరులో వెలుగు ఎంత పెట్టారో చూడండి. మన ప్రాంతపు దుమ్ము దీపాలపై పేరుకుంటుంది, మెత్తని కుంచెతో తుడవండి. ఎండాకాలపు వేడికి కూడా ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది. పెట్టెలో గాలి ఆడనివ్వండి. మూడు పిన్నుల పట్టీ 5 వోల్టులది, నాలుగు పిన్నులది 12 వోల్టులది. 5 వోల్టుల పట్టీని 12కు కలిపితే కాలిపోతుంది. కనెక్టరు వేడెక్కినా, రంగు మారినా వెంటనే ఆపివేయండి. ప్లగ్గు తీసిన తరువాతే లోపల చెయ్యి పెట్టండి. పవర్ సప్లైని మాత్రం ఎన్నడూ విప్పరాదు.

అలంకారానికి ఎంత ఖర్చు తగునన్న చర్చ తండ్రీకొడుకులు చేసుకోవలసిందే. అది వృథా అని తండ్రి భావిస్తే చెప్పే హక్కు ఆయనకున్నది. కానీ ఆ చర్చ వేరు, యంత్రం పాడయిందన్న తీర్పు వేరు. మొదటిదాని మీది కోపంతో రెండవదాన్ని తేల్చివేస్తే బిడ్డ జీవనాధారమే పోతుంది. తీర్పుకు ముందు ‘ఎప్పటి నుండి? ఎక్కడ?’ అనే రెండు ప్రశ్నలు అడగడానికి పైసా ఖర్చు కాదు.