చాంగ్‌థాంగ్ నేల ఉడుతలు

ఉద్యోగరీత్యా దేశం నలుమూలలా తిరిగే అవకాశం మనవంటి సంస్థలలో పనిచేసే ఇంజనీర్లకు తరచుగా లభిస్తుంది. అయితే ఆ ప్రయాణాలలో మనం చూసేది సాధారణంగా సబ్‌స్టేషన్ యార్డు, అతిథి గృహం, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు. ఆ మూడింటినీ దాటి ఇంకేదో చూసిన సందర్భం నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒకటి ఉన్నది. దానిని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

2022 సెప్టెంబరులో ఒక విద్యుత్ లైను సర్వే నిమిత్తం మా బృందం లడఖ్ వెళ్ళింది. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. విమానం దిగిన రెండు రోజులు గదిలోనే విశ్రాంతి తీసుకోవాలన్నది అక్కడి నియమం. యాభై దాటిన నావంటి వారికి ఆ నియమం విలువ మొదటి రాత్రే తెలిసివచ్చింది. నాలుగు మెట్లు ఎక్కితే గుండె చప్పుడు చెవులకు వినిపించింది.

మూడవ రోజు చాంగ్ లా కనుమ మీదుగా తూర్పు వైపుకు బయలుదేరాము. పదిహేడు వేల అడుగులకు పైబడిన ఆ కనుమ వద్ద గాలిలో మనకు దక్కే ప్రాణవాయువు సముద్రతీరంలో దక్కేదానిలో సుమారు సగం. కనుమ దిగి కొంతదూరం వెళ్ళాక రోడ్డు పక్కన ఒక సెలయేరు, దాని ఒడ్డున పచ్చిక కనిపించాయి. ఆ పచ్చికలో ఒక చిన్న ఆకారం రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడి, ముందరి కాళ్ళను ఛాతీకి చేర్చుకొని, నమస్కారం పెడుతున్నట్లుగా మావైపే చూస్తున్నది.

"సార్, కుందేలు!" అన్నాడు మా బృందంలోని కడప కుర్రవాడు.

"కుందేలు కాదు, ఫియా," అన్నాడు డ్రైవరు. నడివయసు లడఖీ. అతనిని మేమందరం అక్కడి మర్యాద ప్రకారం "ఆచో-లే" అని, అంటే "అన్నగారూ" అని పిలిచేవాళ్ళము.

ఫియా అంటే హిమాలయ మార్మోట్. మన పెరటి జామచెట్టు మీద పరుగులు తీసే ఉడుతకు ఇది దాయాది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. మన ఉడుత చెట్టును నమ్ముకుంటే, చెట్టన్నదే లేని ఆ ఎడారి పీఠభూమిలో ఇది నేలను నమ్ముకున్నది. వీపున చారలు లేవు. గోధుమ రంగు దట్టమైన బొచ్చు, పొట్టి తోక, బలమైన గోళ్ళు. చలికాలానికి ముందు బాగా కొవ్వు పట్టిన పెద్ద జంతువు తొమ్మిది కిలోల వరకు తూగుతుంది. కార్గిల్, జన్‌స్కార్ వైపు పొడవు తోకతో, ఎర్రని బంగారు ఛాయతో మరొక జాతి ఉన్నది. తూర్పున చాంగ్‌థాంగ్ అంతటా కనిపించేది మాత్రం ఈ హిమాలయ జాతే.

మేము ఆగగానే అది మావైపే నడిచి వచ్చింది. నా సంచిలో బిస్కెట్ల పొట్లం ఉన్నది. ఒకటి తీసి చేయి చాచాను. రెండు చేతులతో అందుకొని, ముసలమ్మ అప్పచ్చి తిన్నట్లు కొరుక్కు తిన్నది. అందరం ముచ్చటపడి ఫొటోలు తీసుకున్నాము. ఆచో-లే మాత్రం కారు దిగలేదు. మేము తిరిగి ఎక్కాక నెమ్మదిగా అన్నాడు: "సర్, మీరు రేపు వెళ్ళిపోతారు. దానికి అక్టోబరు వస్తుంది."

ఆ మాటకు అర్థం నాకు అప్పుడు పూర్తిగా బోధపడలేదు.

మరుసటి రోజు మా అసలు పని మొదలైంది. టవరు భాగాలు, కండక్టరు డ్రమ్ములు దించుకొని నిల్వ చేయడానికి ఒక యార్డు కావాలి. అభయారణ్యపు హద్దుకు వెలుపల, రోడ్డును ఆనుకొని, మ్యాపులో చక్కని చదునైన స్థలం ఒకటి గుర్తించి ఉంచారు. పక్కనే వాగు ఉన్నందున నీటికి కూడా కొరత లేదు. తీరా అక్కడికి వెళ్ళి చూస్తే నేలంతా బొరియలు! ఒక్కొక్క బొరియ నోటి దగ్గర తవ్విపోసిన మట్టి దిబ్బ, దిబ్బ మీద ఒక కాపలాదారు. మా జీపు తలుపు చప్పుడు కాగానే ఎక్కడినుంచో చెవులు చిల్లులుపడేటంత ఈల వినిపించింది. క్షణంలో మైదానం ఖాళీ అయింది.

ఆ రోజంతా అక్కడే గడిపాము. కదలకుండా కూర్చుంటే అరగంటకు ఒక్కొక్క తల బయటకు వచ్చేది. అవి కుటుంబాలుగా జీవిస్తాయి. కొన్ని మేస్తూ ఉంటే ఒకటి రెండు నిలబడి కాపలా కాస్తాయి. ఆకాశంలో డేగ నీడ, దూరాన తోడేలు, రాళ్ళచాటున మంచు చిరుత, వీటిలో దేనిని పసిగట్టినా ఈల వేస్తాయి. ఎదురుపడిన రెండు జంతువులు ముక్కుకు ముక్కు ఆనించుకొని పలకరించుకోవడం మా కళ్ళారా చూశాము. అవి వదిలివేసిన పాత బొరియలలో నక్కలు, పల్లాస్ పిల్లి అనే అరుదైన అడవిపిల్లి తలదాచుకుంటాయి. అవి తిరగవేసిన మట్టిలో గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఒక విధంగా చూస్తే ఆ మైదానానికి సివిల్ ఇంజనీర్లు అవే.

సాయంత్రం పనుల గుత్తేదారు తరఫు మనిషి ఒక సూచన చేశాడు. "ఇప్పుడెందుకు సర్ గొడవ? అక్టోబరు రెండోవారం దాటితే ఇక్కడ ఒక్క జంతువూ ఉండదు. అప్పుడు డోజరుతో రెండు రోజులలో చదును చేసేద్దాం." మాకందరికీ అది సబబుగానే తోచింది. నేను నోటు పుస్తకంలో వ్రాసుకున్నాను కూడా.

తిరుగు ప్రయాణంలో ఆచో-లే ఆ మాట ఎత్తాడు. "ఉండవు అని ఎవరు చెప్పారు సర్? పైన ఉండవు. కింద ఉంటాయి."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎత్తు కారణమని చెప్పుకున్నాను గాని కారణం అది కాదు. సిగ్నల్ దొరికిన చోట నిలబడి, ఈ జంతువు గురించి దొరికినంత చదివాను. మార్మోట్ ఆహారం నిల్వ చేసుకోదు. వేసవి నాలుగైదు నెలలు తిన్న గడ్డిని ఒంటిలో కొవ్వుగా దాచుకుంటుంది. అక్టోబరు రాగానే కుటుంబమంతా ఒకే అరలోకి చేరి, ద్వారాన్ని మట్టితో రాళ్ళతో లోపలినుంచి మూసివేసి, ఒకదానికొకటి ఆనుకొని దాదాపు ఆరు నెలలు నిద్రిస్తుంది. ఆల్ప్స్ మార్మోట్‌లపై జరిగిన పరిశోధనల ప్రకారం ఆ నిద్రలో ఒంటి ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు పడిపోతుంది. గుండె నిమిషానికి పది సార్లు కూడా కొట్టుకోదు. మధ్యమధ్య కొద్దిసేపు మేల్కొంటాయి. చలికాలమంతటిలో ఎక్కువ కొవ్వు ఖర్చయ్యేది ఆ కొద్దిపాటి మెలకువలలోనే. అకాలంలో ఎవరైనా లేపితే, ఆ ఖర్చు పూడ్చుకోవడానికి పైన గడ్డిపరక కూడా ఉండదు.

అంటే మేము "ఖాళీ స్థలం" అనుకున్నది నిద్రిస్తున్న ఒక ఊరు. పగటిపూట డోజరు వస్తే అవి పారిపోగలవు. అక్టోబరులో పారిపోలేవు. మేము ఎంచుకున్నది వాటిని తప్పించే సమయం కాదు, తప్పించుకోలేని సమయం.

నా బిస్కెట్టు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. గడ్డీ వేర్లూ తిని కొవ్వు కూడబెట్టుకోవలసిన రోజులలో రోడ్డు పక్కన కూర్చొని పిండీ పంచదారా తినడం దానికి మేలు చేయదు. మనుషుల పట్ల భయం పోతుంది. కార్ల చక్రాలకు, కుక్కల కోరలకు దగ్గరవుతుంది. టిబెట్ పీఠభూమిలో ఈ జాతి ప్లేగు వ్యాధిని మోయగలదని కూడా తెలిసింది. చేతితో తినిపించడం అటు దానికీ ఇటు మనకూ మంచిది కాదు.

తెల్లవారి మరొకసారి వెళ్ళి చుట్టుపక్కల కొలిచాము. సుమారు ఏడువందల మీటర్ల అవతల గులకరాళ్ళ గట్టు ఒకటి కనిపించింది. గడ్డి లేదు, బొరియలు లేవు. వాగు మీద చిన్న కల్వర్టు వేయాలి, రవాణా దూరం పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. గుత్తేదారు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను నివేదికలో రెండు కారణాలు వ్రాశాను. మొదటిది: బొరియలతో డొల్లబారిన నేల బరువైన ట్రైలర్లను మోయలేదు. రెండవది: వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జంతువులు ఆ నేలలో చలికాలమంతా నిద్రిస్తాయి. పై అధికారి ఫోనులో, "మొదటి కారణం చాలు కదా, రెండవది అవసరమా?" అని అడిగారు. అవసరమేనని చెప్పి ఉంచేశాను. స్థలం మార్చడానికి మొదటి కారణమే చాలునేమో. కాని నాకు నిద్ర పట్టనివ్వనిది రెండవది. ప్రతిపాదన కొంత ఆలస్యంగానైనా ఆమోదం పొందింది.

తరువాత ఒక ఆసక్తికరమైన విషయం చదివాను. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, భారతదేశపు ఉత్తరాన కుక్కకంటె చిన్నవి, నక్కకంటె పెద్దవి అయిన చీమలు బంగారు ఇసుక తవ్విపోస్తాయని వ్రాశాడు. ఆ చీమలు ఈ మార్మోట్‌లేనని, దేవ్‌సాయ్ మైదానంలో అవి పైకి తెచ్చిన మట్టిలో బంగారు రేణువులు ఉండేవని మిషెల్ పెసెల్ అనే ఫ్రెంచి పరిశోధకుడు 1984లో ఒక గ్రంథంలో ప్రతిపాదించాడు. మన మహాభారతం సభాపర్వంలో కూడా ధర్మరాజు రాజసూయానికి ఉత్తరపు కొండజాతులవారు పిపీలికాలు, అంటే చీమలు, తవ్విన బంగారాన్ని కానుకగా తెచ్చిన సంగతి దుర్యోధనుడు అసూయతో తండ్రికి చెబుతాడు. చిన్నప్పుడు విని నవ్వుకున్న మాట. ఆ మట్టిదిబ్బలను చూసిన తరువాత నవ్వు రాలేదు.

2023 జూలైలో అదే పని మీద మళ్ళీ వెళ్ళాను. ఆచో-లే అడగకుండానే కారును ఆ మైదానం దగ్గర ఆపాడు. ఒక దిబ్బ మీద తల్లి, దాని చుట్టూ మూడు పిల్లలు దొర్లుతూ కుస్తీ పడుతున్నాయి. అవతలి గట్టు మీద మా యార్డులో డ్రమ్ములు వరుసగా నిలబడి ఉన్నాయి. రెండూ ఒకే చూపులో కనిపించాయి. కడప కుర్రవాడు అలవాటుగా సంచిలోకి చేయి పోనిచ్చి, నావైపు చూసి, చేయి వెనుకకు తీసుకున్నాడు. మేము దిగలేదు. అద్దం దించి, ఇంజను ఆపి, ఒక పావుగంట చూసి వెళ్ళిపోయాము.

మన సంస్థ పనుల మీద ఎవరైనా లడఖ్ వెళ్ళే సందర్భం కలిగితే ఈ నేల ఉడుతలను తప్పక చూడండి. దూరంనుంచే చూడండి, ఏమీ పెట్టకండి. ఇక నిర్మాణ స్థలం ఎంపికకు వెళ్ళే మిత్రులకు నాదొక్క మనవి. స్థలం ఖాళీగా ఉన్నదని వ్రాసేముందు, ఏ ఋతువులో చూసి వ్రాస్తున్నామో ఒకసారి ఆలోచించుకోండి. ఆ ఊరి మనిషిని ఒక మాట అడగండి. సేతువు కట్టేటప్పుడు ఉడుత మనకు చేసిన సాయం మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాము. నిర్మాణాలు సాగించే మనం ఉడుతకు చేయగలిగినది ఏడువందల మీటర్ల పాటిదైనా, అది చేయదగినదే.