మాల్టన్‌లో పుట్టిన లాంకాస్టర్

కెనడాలో దిగిన మనలో చాలామందికి మొదటి జ్ఞాపకం టొరంటో పియర్సన్ విమానాశ్రయమే. రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ జాడీ కారలేదు కదా అన్న బెంగ, బయటికి రాగానే ముఖాన కొట్టిన చలి. ఆ విమానాశ్రయాన్ని ఆనుకునే ఒకప్పుడు మాల్టన్‌లో బాంబర్ విమానాల కర్మాగారం ఉండేదని మాత్రం నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ 430 లాంకాస్టర్లు తయారయ్యాయట. ఈ సంగతి చెప్పింది మా పదకొండేళ్ళ అబ్బాయి, బడిలో ప్రాజెక్టు చేస్తూ. "నాన్నా, వాటిల్లో ఒకటి ఇప్పటికీ ఎగురుతుంది, హామిల్టన్‌లో ఉంది, వెళ్దామా?" అన్నాడు. సెలవు రోజున ఇంటినుంచి కదలడానికి బద్ధకించే నేను ఈసారి తప్పించుకోలేకపోయాను.

మిస్సిసాగా నుంచి 403 మీద పడమరకు వెళ్ళి, హైవే 6 పట్టుకుంటే మౌంట్ హోప్ వస్తుంది. హామిల్టన్ విమానాశ్రయం పక్కనే కెనడియన్ వార్‌ప్లేన్ హెరిటేజ్ మ్యూజియం. లోపల బోలెడు విమానాలున్నాయి కానీ మావాడు వేటినీ చూడలేదు. సరాసరి లాంకాస్టర్ దగ్గరికే నడిచాడు. రెక్కల ఈ చివరినుంచి ఆ చివరికి 102 అడుగులు, నాలుగు ఇంజన్లు, పక్కన వీఆర్-ఏ అని పెద్ద అక్షరాలు. ప్రపంచం మొత్తంలో ఎగరగల లాంకాస్టర్లు రెండే మిగిలాయి. రెండోది బ్రిటన్‌లో ఉంది. 2014లో ఇది అట్లాంటిక్ దాటి వెళ్ళి దాని పక్కనే ఎగిరి వచ్చింది.

నిజానికి ఈ విమానం యుద్ధం చూడలేదు. 1945లో తయారై, తర్వాత సముద్రం మీద గస్తీకీ, తప్పిపోయినవాళ్ళను వెతకడానికీ పనిచేసింది. ఆపైన గోడరిచ్ ఊళ్ళో కొన్నేళ్ళు దిమ్మల మీద బొమ్మలా నిలబడింది. మ్యూజియంవాళ్ళు తెచ్చి ఏళ్ళతరబడి బాగుచేస్తే 1988లో మళ్ళీ గాలిలోకి లేచింది. దీని మీదున్న అక్షరాలు మాత్రం వేరే విమానానివి. అది తిరిగి రాలేదు.

ఆ విమానంలో ఉన్నవాడు ఆండ్రూ మినార్‌స్కీ. పోలండ్ నుంచి వలస వచ్చిన దంపతులకు 1916లో విన్నిపెగ్‌లో పుట్టాడు. పదహారేళ్ళకే తండ్రి పోతే, తోలు కత్తిరించే పనిలో చేరి ఇంటికి ఆసరా అయ్యాడు. యుద్ధంలో 419వ స్క్వాడ్రన్‌లో గన్నర్. విమానం నడుమన, పైభాగాన ఉండే తుపాకీ గది అతనిది. తోక చివరి గదిలో కూర్చునే పాట్ బ్రోఫీ అతని ప్రాణస్నేహితుడు.

1944 జూన్ 12 రాత్రి ఇంగ్లండ్ ఉత్తరాన మిడిల్‌టన్ సెయింట్ జార్జ్ నుంచి బయలుదేరారు. నార్మండీలో సేనలు దిగి వారం కూడా కాలేదు. జర్మన్లకు రైళ్ళలో బలగాలు అందకుండా ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డులను కొట్టాలి. దారిలోనే జర్మన్ ఫైటర్ విమానం దాడిచేసింది. ఎడమవైపు ఇంజన్లు రెండూ పోయాయి, మంటలు లేచాయి. దూకేయమన్నాడు పైలట్.

ఇక్కడ కొంచెం యంత్రం గురించి చెప్పాలి. వెనక గన్నర్ గది తిరగడానికి కావలసిన హైడ్రాలిక్ శక్తి ఆ ఎడమ ఇంజన్లనుంచే వచ్చేది. అవి పోగానే గది బిగుసుకుపోయింది. చేత్తో తిప్పే పిడి ఉంది, అదీ విరిగింది. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని మా సాఫ్ట్‌వేర్ మీటింగుల్లో గంటలకొద్దీ వాదించుకుంటాం. అక్కడ రెండూ పోయాయి, లోపల మనిషి ఉన్నాడు.

దూకబోతూ వెనక్కి చూసిన మినార్‌స్కీకి బ్రోఫీ కనిపించాడు. మంటల్లోంచి పాక్కుంటూ వెళ్ళాడు. గొడ్డలితో కొట్టాడు, చేతులతో లాగాడు. గది కదల్లేదు. అప్పటికే అతని బట్టలకూ పారాచూట్‌కూ నిప్పంటుకుంది. లాభం లేదు, వెళ్ళిపొమ్మని బ్రోఫీ సైగ చేశాడు. మినార్‌స్కీ స్నేహితుడికి వీపు చూపకుండా, అతనికేసే చూస్తూ మంటల్లోంచి వెనక్కి జరిగాడు. తలుపు దగ్గర నిలబడి సెల్యూట్ చేసి దూకాడు. నేలమీద ఫ్రెంచివాళ్ళు చేరదీసినా, కాలిన గాయాలతో కన్నుమూశాడు. ఇరవై ఏడేళ్ళు. అమియాన్ దగ్గర మెహారికూర్ శ్మశానంలో అతని సమాధి ఉంది.

విచిత్రమేమిటంటే, బ్రోఫీ బతికాడు! విమానం నేలను ఢీకొన్నప్పుడు ఆ గది తెగి, అతను బయటికి విసిరేయబడ్డాడు. ఏడుగురిలో ఆరుగురు బతికారు, పోయింది మినార్‌స్కీ ఒక్కడే. చావవలసినవాడే సాక్షి అయ్యాడు. అతను చెప్పకపోతే లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. 1946లో మినార్‌స్కీకి విక్టోరియా క్రాస్ ప్రకటించారు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు లక్షా ఇరవై అయిదు వేలమందిలో 55,573 మంది చనిపోయారు. వాళ్ళలో దాదాపు పదివేలమంది కెనడావాళ్ళు. అలా కూలిపోయిన ఎన్ని విమానాల్లో చెప్పడానికి ఎవరూ మిగల్లేదో!

ఇదంతా చెబుతుంటే మా పాప, ఎనిమిదేళ్ళది, అడిగింది: "నాన్నా, కింద ఉన్నవాళ్ళకి ఏమైంది?" కాసేపు నాకు మాట రాలేదు. అలాంటి దాడుల్లో ఫ్రాన్స్‌లో మామూలు జనం కూడా పోయారనీ, జర్మనీ నగరాల్లోనైతే లక్షల్లో పోయారనీ చెప్పాను. "అయితే మినార్‌స్కీ మంచివాడా కాదా?" అంది. స్నేహితుడికోసం మంటల్లోకి వెళ్ళినవాడమ్మా అన్నాను. దానికి ఆ జవాబు చాలలేదు, నాకూ చాలలేదు. దారిపొడుగునా అన్నాచెల్లెళ్ళిద్దరూ దానిమీదే వాదించుకున్నారు. నేను ఆపలేదు.

వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: వేసవిలో కొన్ని రోజులు లాంకాస్టర్ ఎగరడానికి బయటికి పోతుంది. ముందుగా ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి, లేకపోతే పిల్లలు ఖాళీ హ్యాంగర్ చూసి మొహం వేలాడేస్తారు.

మా నాన్నగారు ఈ వేసవికి వస్తున్నారు. పియర్సన్‌లో తాతయ్య బయటికి రాగానే, ముందు ఈ కథ తనే చెప్పాలని మావాడు చెల్లెలి దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.