తుపాను సంచి

1977 నవంబర్ 19. దివిసీమలో ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు.

ఇప్పుడు తుపాను హెచ్చరిక ముందుగానే ఫోన్‌కు వస్తోంది. తుపాను షెల్టర్లూ ఉన్నాయి. మిగిలింది ఇంటి పని. ఒక సంచిలో, పాలిథిన్ కవర్లో చుట్టిన ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్. పక్కనే టార్చి, అటుకులు, బెల్లం, పెద్దవాళ్ల బీపీ మాత్రలు. మూతపెట్టిన బిందెల్లో మంచినీళ్లు. ఇల్లు వదిలేముందు పశువుల పలుపులు విప్పేయాలి. కట్టేసిన గొడ్డు వరదలో ఈదలేదు.

హోరుగాలి హఠాత్తుగా ఆగిందా? అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అప్పుడే బయటికి రావద్దు.

తీరప్రాంతం వాళ్లంతా అక్టోబర్ రాకముందే ఈ సంచి సర్దిపెట్టుకోండి. ఒంటరిగా ఉండే పక్కింటి అవ్వకూ ఒకటి సర్దిపెట్టండి.